ఉప్పు వేసి దంచిన కారం

మా అత్త దంచిన కారం పరీక్షలో ఫెయిలైంది. ఈ ముక్క చెబితే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. నవ్వేవాళ్లను చూస్తే ఇంకా మండుతుంది. ఎందుకంటే వాళ్లలో ఒక్కరు కూడా ఆ కారం తినకుండా పెరగలేదు.

మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. మా ఆయన దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆదివారం వస్తాడు, సోమవారం తెల్లారే బస్సెక్కుతాడు. ఇంట్లో మిగిలేది అత్త, నేను, కరెంటుతో లేచి పడే నాలుగు ఇనుప రోకళ్లు. మామగారు చనిపోయిన ఏడాది అత్త ఆ రోకళ్ల మిల్లు పెట్టింది. మొదట్లో ఊళ్లోవాళ్లు ఎవరి కాయ వాళ్లు తెచ్చుకుని దంచుకుపోయేవాళ్లు. తర్వాత మేమే కాయ కొని, దంచి, పొట్లాలు కట్టి నరసరావుపేటలో ఒక శెట్టిగారి కొట్టుకు వేయడం మొదలుపెట్టాం.

దంచే పద్ధతంతా అత్తది. కల్లంలో ఎండిన కాయ తెచ్చి, తొడిమలు తీయించి, మళ్లీ రెండు ఎండలు ఎండబెడుతుంది. కల్లుప్పును మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి ఆరబెడుతుంది. కిలో కాయకు ఒక గుప్పెడు ఉప్పు. ఆ గుప్పెడు ఆవిడ గుప్పెడే అయి ఉండాలి, నా చేయి పెద్దదట, నన్ను వేయనివ్వదు. ఉప్పు వేసి దంచితే వానాకాలం దాటినా పురుగు పట్టదు. ఊరగాయ కోసమని ప్రత్యేకంగా చెబితే తప్ప, ఉప్పు లేని కారం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. కారంలో ఉప్పు ఉందని ఎవరికైనా చెప్పాలన్న ఆలోచన కూడా మాకు ఎప్పుడూ రాలేదు.

పొట్లాలు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలని మండలాఫీసులో క్యాంపు పెడితే వెళ్లి చేయించాం, అత్త పేరు మీదనే. పద్నాలుగు అంకెల నంబరు వచ్చింది. లేబుల్ మీద ఎర్ర అక్షరాలతో ‘దంచిన కారం’ అని, కింద ఆ నంబరు వేయించాం. అత్త ఆ పద్నాలుగు అంకెలూ కంఠతా పట్టింది. ఇంటికి ఎవరొచ్చినా అప్పజెప్పేది. డెబ్బై దాటిన మనిషికి, తను చేసే పని మీద ప్రభుత్వం ఇచ్చిన మొదటి కాగితం అది.

ఒక రోజు పొద్దున పదింటికి ఆహార భద్రతా అధికారి వచ్చాడు. అందరూ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ముప్పై ఏళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. శాంపిల్ తీయాలన్నాడు. తీసిన కారానికి డబ్బులిచ్చి రసీదు తీసుకున్నాడు, నాలుగు భాగాలు చేశాడు, ఒక్కో సీసా మీద కాగితం చుట్టి, దారం కట్టి, లక్క పోసి ముద్ర వేశాడు. అత్తకు ఆ పని చానా నచ్చింది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లను అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది.

“మీదే ఊరు నాయనా?”

“మాచర్ల పక్కన పెద్దమ్మా.”

“పిల్లలా?”

“పాప. ఎనిమిదో నెల.”

అంతే, ఆవిడ లేచి మజ్జిగ తెచ్చింది. మజ్జిగతో పాటు ఐదో పొట్లం తెచ్చింది. “నాలుగూ గవర్నమెంటుకి పోతే మీ ఇంటికేది? ఇది పట్టకపో. పాపకి అన్నం పెట్టేటప్పుడు నెయ్యిలో ఇంతంటే ఇంత కలిపి నాలిక్కి రాయండి, మారాం చెయ్యకుండా తింటది.”

అతను నవ్వి, తీసుకోకూడదు పెద్దమ్మా అని పక్కన పెట్టేశాడు. మజ్జిగ మాత్రం తాగాడు. పోయేముందు ఇంగ్లిషు ఫారం ఒకటి నా ముందు పెట్టి, “నాలుగో భాగం బయట ల్యాబుకి పంపమని మీరు అడగొచ్చండీ. ఖర్చు మీరు పెట్టుకోవాలి. అడుగుతారా?” అన్నాడు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. ఆ ఫారం చదవగలను. చదవలేదు. చదవకపోగా, “ఎందుకు సార్, మా కారం మీద మాకు నమ్మకం లేకనా?” అన్నాను. రెండోసారి పరీక్ష అడిగితే మా సరుకు మీద మాకే అనుమానం ఉన్నట్టవుతుందని అనుకున్నాను. అత్త నా వైపు మెచ్చుకోలుగా చూసింది. సంతకం పెట్టేశాను. ఇప్పటికీ ఆ సంతకం గుర్తొస్తే నన్ను నేను చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత శావల్యాపురంలో మా అమ్మ కాలు విరిగితే వెళ్లి రెండు నెలలు అక్కడే ఉన్నాను. ఉండగా ఒక రోజు శెట్టిగారు ఫోన్ చేశాడు. “అమ్మా, మీ పొట్లాలు వెనక్కి పంపిస్తున్నాను. పేపర్లో పడింది. మనసులో పెట్టుకోవద్దు, నా కొట్టు కూడా చూసుకోవాలి గదమ్మా.” జిల్లా పేజీలో చిన్న వార్త. కల్తీ కారం పట్టివేత అని శీర్షిక, కింద మా ఊరి పేరు. కల్తీ అన్న మాట చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

ఇంటికి వచ్చి, “అత్తా, పోస్టులో ఏమన్నా కాగితం వచ్చిందా?” అని అడిగాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. “రాకేం, వచ్చి నెల దాటింది. సర్టిఫికెట్టు వచ్చింది. నువ్వొచ్చినాక చెబుదామని దాచా.” దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ముద్రలు, సంతకాలు ఉన్న ఇంగ్లిషు కాగితం చూసి పాసైనట్టే అనుకుని, బొట్టు పెట్టి రోజూ దణ్ణం పెట్టుకుంది ఆ మహాతల్లి.

అది ల్యాబు రిపోర్టు. నేను అక్కడే నిలబడి చదివాను. కలిపిన రంగు లేదు. ఇసుక పరిమితిలోనే ఉంది. తేమ సరిపోయింది. ఒక్క వరుసలో మాత్రం తేడా, బూడిద ఉండాల్సిన దానికంటే ఎక్కువ. కింద ‘నాసిరకం’ అని తీర్పు.

బూడిద ఏమిటా అని ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే కాలేజీలో చదివింది గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. కారాన్ని కొలిమిలో పెట్టి కాలిస్తే మిరపకాయంతా కాలిపోతుంది. ఉప్పు కాలదు. చివరికి మిగిలినదాన్ని తూచి బూడిద ఇంత అంటారు. మట్టి, రాయి కలిపితే పట్టుకోవడానికి పెట్టిన లెక్క అది. మట్టీ లేదు, రాయీ లేదు, అక్కడ మిగిలింది అత్త గుప్పెడు ఉప్పు.

రిపోర్టు అందిన ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని దాని మీదే ఉంది. ఆ ముప్పై రోజులూ దేవుడి గూట్లో గడిచిపోయాయి.

అత్తకు చెప్పక తప్పలేదు. చెబుతుంటే ఆవిడ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. “ఏంది, నా కారం మంచిది కాదంటనా?” అంది. “ఉప్పు లెక్క అత్తా, అంతే” అన్నాను. “మరి మంచిదనే అంటున్నారా?” అంది. ఆ సాయంత్రం ఆవిడ రోకళ్ల మీద గోనెపట్టా కప్పేసింది.

నాకు ఇక కావలసింది ఒక్కటే. జరిమానా వేస్తే వేసుకోనీ, కేసు పెడితే పెట్టుకోనీ. ఈ కారం తింటే ఎవరికీ ఏమీ కాదు అని, అధికారం ఉన్న మనిషి ఎవరైనా మా అత్త మొహం చూసి చెప్పాలి. ఒక్క వాక్యం. దాని కోసం తిరగని ఆఫీసు లేదు.

ముందు ఇన్‌స్పెక్టర్ దగ్గరికే వెళ్లాను. పాపం, నన్ను చూసి కుర్చీ వేశాడు. “నా పని శాంపిల్ తీసి పంపడం వరకేనండీ. ఫలితం నా చేతిలో లేదు” అన్నాడు. తింటే ఏమీ కాదని ఒక కాగితం రాసివ్వమంటే, అలాంటి గడి ఏ ఫారంలోనూ లేదన్నాడు. హైవే పక్కన రంగు కలిపిన, గులాబిరంగులో మెరిసిపోయే కారం లారీలకు లారీలు దిగుతోంది, అది కనపడదా సార్ అని అడిగాను. కోపంగానే అడిగాను. “నేనొక్కణ్ణి. ఇన్ని మండలాలు. బండి కూడా నాది కాదు, అడుక్కుని తెచ్చుకోవాలి” అన్నాడు. తర్వాత ఫైళ్లు సర్దుకున్నాడు.

అతని పైన జిల్లాకు ఒక అధికారి ఉంటాడు, లైసెన్సులు, అప్పీళ్లు ఆయన చూస్తాడు. గడువు దాటిందమ్మా, నా చేతిలో లేదు అన్నాడు. ల్యాబుకు ఫోన్ చేశాను. పట్టికలో ఉన్న అంకెతో పోల్చడమే మా పని, అంకె మా చేతిలో లేదు అన్నారు. వీళ్లందరి పైన రాష్ట్రానికి ఒక కమిషనర్ ఉంటాడట, ఆయన ఆఫీసులో ఫోన్ ఎత్తినాయన, చట్టం రాష్ట్రం చేసింది కాదమ్మా, అంకెలన్నీ ఢిల్లీలో పెడతారు అన్నాడు.

సరే, ఢిల్లీలో ఎవరున్నారో చూద్దామని కూర్చుని ఫోన్లోనే ఆ చట్టమంతా చదివాను. చదివేకొద్దీ తిక్క రేగింది. దేశం మొత్తానికి ఒక సంస్థ. దానికి ఒక చైర్మన్, ఇరవై ఇద్దరు సభ్యులు. ఏడుగురు మంత్రిత్వ శాఖల నుంచి. రాష్ట్రాల తరఫున ఐదుగురు, వంతులవారీగా. రైతు సంఘాల నుంచి ఇద్దరు. వినియోగదారుల తరఫున ఇద్దరు. ఆహార పరిశ్రమల నుంచి ఇద్దరు, అందులో చిన్న పరిశ్రమలకు ఒక్క కుర్చీ. మూడో వంతు ఆడవాళ్లు ఉండాలని కూడా రాశారు. వాళ్ల కింద ఒక సలహా సంఘం, ఒక శాస్త్రీయ సంఘం, నూనెలకో ప్యానెల్, పాలకో ప్యానెల్, మసాలాలకో ప్యానెల్. కాగితం మీద చూస్తే ఎంత ముచ్చటగా ఉందో. ఎవరినీ వదల్లేదు అనిపిస్తుంది.

ఆ చిన్న పరిశ్రమల కుర్చీలో కూర్చున్నాయన మా అత్త తరఫున మాట్లాడాలన్నమాట. దేశంలో అప్పడాలు ఒత్తేవాళ్లు, మురుకులు వేసేవాళ్లు, కారం దంచేవాళ్లు, అందరి తరఫునా ఆ ఒక్కడే. ఆయన మాత్రం ఏం చేస్తాడు? కారానికి బూడిద ఇంతకు మించకూడదు అని అంకె రాసిన రోజున, మా పల్నాట్లో ఉప్పేసి దంచుతారండీ అని చెప్పే మనిషి ఆ గదిలో ఉన్నారా? ఉంటే ఆ మాట ఎవరైనా రాసుకున్నారా? దేశంలో ఎవరూ కల్తీ కారం తినకూడదు, నిజమే, ఆ అంకె ఉండాల్సిందే. నేను చదువుకున్నదాన్ని, అది కాదనను. కానీ కారంలో ఉప్పు వేసే మనుషులు ఈ దేశంలో ఉన్నారని తెలుసుకోవడానికి ఇన్ని సంఘాలు, ఇన్ని ప్యానెళ్లు చాలలేదా అని నా కడుపుమంట.

కొత్త నియమం ఏదైనా పెట్టేముందు ముసాయిదా వెబ్‌సైట్లో పెట్టి, జనం అభిప్రాయాలు అడుగుతారట. చక్కగా అడుగుతారు, ఇంగ్లిషులో. మా అత్త చెవిలో ఎవరూ వేయలేదు. నేను తెలుగులో రెండు పేజీలు రాసి, దాన్నే ఇంగ్లిషులోకి మార్చి, ఢిల్లీకి మెయిల్ పెట్టాను. మీ సూచన నమోదైంది, సంబంధిత ప్యానెల్ ముందు ఉంచుతాం అని నంబరుతో సహా జవాబు వచ్చింది. ఆ నంబరు కూడా పొడుగ్గానే ఉంది. అత్తకు కంఠతా పట్టమని నేను చెప్పలేదు.

విచారణకు పిలుపొచ్చింది, నరసరావుపేటలో. అత్త జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది, చంకలో పొట్లం ఒకటి. విచారణాధికారి మంచివాడే. ముసలావిడను నిలబెట్టలేదు, కూర్చోమన్నాడు.

“ఉప్పు కలిపానని మీరే ఒప్పుకుంటున్నారు కదమ్మా?”

“కలపకుండా ఎట్టా దంచుతారయ్యా?” అంది అత్త.

పక్కన గుమాస్తా తల దించుకుని నవ్వుకున్నాడు. అధికారి మాత్రం నవ్వలేదు. లేబుల్ మీద ఉప్పు అని ఒక్క మాట రాసి ఉంటే ఇది వేరే రకం కింద వచ్చేదమ్మా, అసలు కేసే అయ్యేది కాదు అన్నాడు. దంచిన కారం అని మాత్రమే రాశారు కాబట్టి వట్టి కారం అంకెతోనే చూడాలి, చట్టం దాటి నేనేం చేయను, తక్కువ జరిమానాతో ముగిస్తాను అన్నాడు. నేను సరే అనబోతుంటే అత్త లేచి నిలబడింది.

“జరిమానా కట్టుకుంటా గానీ, ఒక్క మాట చెప్పయ్యా. ఇది తింటే మనుషులకి చెడుపు చేస్తదా?”

ఆయన ఒకసారి ఫైలు వైపు చూశాడు. “ఆ ప్రశ్న ఈ కేసులో లేదమ్మా” అన్నాడు.

దుర్మార్గంగా అనలేదు. మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం ఆ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాలనిపించింది. లేకపోతే ఏ కేసులో ఉంటుందండీ ఆ ప్రశ్న? ఆహార భద్రత అని పేరు పెట్టుకుని, ఇంతమందిని నియమించుకుని, తిన్నవాళ్లకు ఏమవుతుందన్నది ఒక్కటి తప్ప అన్నీ రాసుకుంటారా? ఈ మాటలు పైకి అన్నానో, మనసులోనే అనుకున్నానో నాకు గుర్తులేదు. గుమాస్తా అయితే నా వైపు చూశాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ, “చెయ్యదని చెప్పలేదు గదే ఆయన” అంది.

“అత్తా, ఆయన చెప్పకపోయినా నేను చెబుతున్నా, ఏం కాదు.”

“నీకేం తెలుసే. నువ్వు నా కోడలివి.”

ఆ తర్వాత లేబుల్ మార్చి ఉప్పు అని వేయిద్దాం, రిజిస్ట్రేషన్ మళ్లీ రాయిద్దాం అన్నాను. ఆవిడ వినలేదు. ఉప్పు లేకుండానే దంచుదాం అంది. గోనెపట్టా తీసింది గానీ, కల్లుప్పు డబ్బా మూత మళ్లీ తీయలేదు. శెట్టిగారు కూడా సరుకు మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టాడు. ఉప్పు లేని ఆ కారం శ్రావణం దాటేసరికి గట్టిపడి గడ్డలు కట్టింది, భాద్రపదంలో రెండు పొట్లాల్లో పురుగు పట్టింది. కొన్నవాళ్లు తిట్టారు.

ఇంట్లోకి మాత్రం పాత డబ్బాలో ఉప్పేసిన కారం ఇంకా ఉంది. నేను అదే వాడేదాన్ని. ఒక రోజు చూస్తే ఆవిడ తన కంచంలో కూర తీసి పక్కన పెట్టి మజ్జిగన్నం తింటోంది. ఏమైందంటే, కడుపులో బాగలేదంది. రెండో రోజూ అదే మాట, మూడో రోజూ అదే. అప్పటికి నాకు అర్థమైంది. ఇన్నేళ్లు తన చేత్తో దంచి అందరికీ పెట్టిన మనిషి, తన కారం తను తినడానికి భయపడుతోంది. పోనీ ఎవరినైనా కొడదామంటే కొట్టడానికి ఎదురుగా ఒక్క మనిషి లేడు. ఎవరి దగ్గరికి వెళ్లినా వాళ్ల చేతిలో లేదు.

మొన్న ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చాడు. ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచాడు. ఉప్పు లేకుండా దంచినదాంట్లోంచి తీసుకుపోయిన కొత్త శాంపిల్ అన్నిట్లోనూ పాసైందని, ఆ రిపోర్టు తనే తెచ్చి ఇచ్చాడు. అత్త తీసుకుని, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది. దేవుడి గూట్లో పెట్టలేదు, బొట్టూ పెట్టలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చింది.

“పాప ఎట్టుంది నాయనా?”

“నడుస్తోంది పెద్దమ్మా. పప్పన్నం తింటోంది.” అతను మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు గానీ లేవలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “మా అమ్మ మాచర్ల నుంచి వచ్చింది. పేటలో కారం ఏదీ నచ్చట్లేదు ఆవిడకి. ఉప్పేసి దంచింది కావాలంటోంది. మీ ఇంట్లోకి దంచుకున్నది ఉంటే ఒక కిలో ఇప్పిస్తారా? డబ్బులిచ్చే తీసుకుంటాను.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్ని నెలలుగా ఇన్ని ఆఫీసుల్లో నేను అడిగిన వాక్యం ఇదే. కాగితం మీద రాయకపోతే పోనీ, ఫారంలో గడి లేకపోతే పోనీ, చివరికి ఒక అధికారి మా గుమ్మంలో కూర్చుని ఆ మాట తన నోటితో అన్నాడు. నేను డబ్బా కోసం లోపలికి పరిగెత్తబోయాను.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఎగతాళి చేస్తోందేమో, అతనికి బుద్ధి చెబుతోందేమో అనుకుని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. మొదటి రోజు ఐదో పొట్లం ఇచ్చినప్పుడు ఎంత ప్రేమగా చూసిందో, అంతే ప్రేమగా అతని వైపు చూస్తోంది.

“వద్దు నాయనా,” అంది. “పసిబిడ్డ ఉన్న ఇల్లు. అది ఫెయిలైన కారం.”